కొడుకు దగ్గరికి సింగపూర్ వెళ్తున్నారా?

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు సింగపూర్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. వచ్చే నెల నేను, మావారు మొదటిసారి వెళ్తున్నాం. నెల రోజులు ఉంటాం. తిరుపతి, హైదరాబాద్ తప్ప ఇంకెక్కడికీ వెళ్ళినవాళ్ళం కాదు. ఇంగ్లిష్ చదవగలను గానీ మాట్లాడాలంటే టెన్షన్. మావారికి షుగర్, బీపీ ఉన్నాయి. పిల్లలిద్దరూ పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోతారు. “మీరు ఇంట్లో రెస్ట్ తీసుకోండి, శని, ఆదివారాలు మేం తిప్పుతాం” అంటున్నాడు మావాడు. ఏం తీసుకెళ్ళాలి, ఏం తెలుసుకుని వెళ్ళాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ అబ్బాయి ప్రేమతోనే అన్నాడమ్మా. అయినా ఈ ఒక్క విషయంలో వాడి మాట వినకండి. నేను సింగపూర్‌లోనే సెంగ్‌కాంగ్ అనే పేటలో పదమూడేళ్ళు ఉన్నాను. సాయంత్రం ఐదయ్యేసరికి మా బ్లాకు కింద బెంచీల మీద, కొడుకు ఎప్పుడొస్తాడా అని దారి చూస్తూ కూర్చునే అమ్మానాన్నలు కనిపించేవారు. పది రోజులు గడిచేసరికి “ఎప్పుడు వెళ్ళిపోదామా” అనేవారు. పాపం, వాళ్ళు ఊరు చూసిందెక్కడ? చూసిందంతా ఒక హాలు, ఒక టీవీ. ఒంటరిగా రైలెక్కడం నేర్చుకున్నవాళ్ళు మాత్రం టిక్కెట్టు పొడిగించమని అడిగేవారు. కాబట్టి మీరు వెళ్ళిన వారంలోపే, పిల్లల సాయం లేకుండా, మీరిద్దరే ఒకసారి బయటికి వెళ్ళి రావాలి. నేను చెప్పేదంతా ఆ ఒక్క పని కోసమే.

ముందు ఇంటి నంబరు నేర్చుకోండి. అక్కడ ఎక్కువమంది ఉండేది ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లలో. హెచ్‌డీబీ అంటారు. బ్లాకులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మా అత్తయ్యగారు వచ్చిన నాలుగో రోజున కొత్తిమీర కోసం కిందికి దిగారు. తిరిగొచ్చి లిఫ్టెక్కి తొమ్మిదో అంతస్తులో దిగి, తలుపుకి తాళంచెవి పెట్టి తిప్పుతున్నారు. ఎంతకీ తిరగదు. లోపలినుంచి ఒక చైనీస్ పెద్దావిడ తలుపు తీసింది. ఈవిడకి ఆ భాష రాదు, ఆవిడకి ఈ భాష రాదు. ఆవిడ అత్తయ్యగారి చేతిలో కొత్తిమీర కట్ట చూసి, నవ్వి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. తర్వాత చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చి, గోడ మీద పెద్దంకెలతో రాసున్న బ్లాకు నంబర్లు ఒక్కొక్కటే చూపిస్తూ తిప్పింది. మాది పక్క బ్లాకే! ఆ సాయంత్రమే ఒక అట్టముక్క మీద బ్లాకు నంబరు, ఫ్లాటు నంబరు, నా ఫోన్ నంబరు, ఆరంకెల పోస్టల్ కోడ్ రాసి ఆవిడ పర్సులో పెట్టాను. మన పిన్‌కోడ్ ఊరికో, పేటకో ఒకటి. అక్కడ దాదాపు ప్రతి భవనానికీ విడిగా ఒకటి ఉంటుంది. దారి తప్పినా టాక్సీ డ్రైవరుకి ఆ ఆరంకెలు చూపిస్తే చాలు, తిన్నగా మీ బ్లాకు ముందు దింపుతాడు. మీరిద్దరూ చెరొక అట్ట దగ్గర పెట్టుకోండి.

తర్వాత రైలు. ఎంఆర్‌టీ అంటారు. మ్యాపులో రైలు గీతలన్నీ రంగులతో ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ భయం అక్కర్లేదు. ప్రతి స్టేషన్‌కీ రెండక్షరాలు, ఒక అంకె ఉంటాయి. మా సెంగ్‌కాంగ్ ఊదా గీత మీద ఎన్ఈ 16, మనవాళ్ళ అంగళ్ళు, గుళ్ళు ఉండే లిటిల్ ఇండియా పేట ఎన్ఈ 7. మా ఇంటినుంచి అటు వెళ్ళేటప్పుడు అంకెలు తగ్గుతూ వస్తుంటే సరైన వైపే వెళ్తున్నట్టు. మీ అబ్బాయి ఇల్లు ఏ గీత మీదుందో ఇప్పుడే ఫోన్ చేసి అడిగి రాసుకోండి. వెళ్ళగానే స్టేషన్‌లో ఇద్దరికీ చెరొక ఈజీ లింక్ కార్డు కొనిపించుకోండి, టిక్కెట్టు బదులు ముందే డబ్బు వేసి వాడుకునే కార్డు అది. ఒకే కార్డు ఇద్దరికీ పనికిరాదు. బస్సుకీ అదే కార్డు. బస్సు వస్తుంటే చెయ్యి చాచి ఆపాలి. ఎక్కేటప్పుడు మిషన్‌కి కార్డు ఆనించినట్టే దిగేటప్పుడూ ఆనించాలి. మర్చిపోతే ఆ బస్సు చివరి స్టాపు దాకా ఛార్జీ పడుతుంది. ఎస్కలేటర్ మీద ఎడమ వైపు నిలబడండి, కుడి వైపు తొందరగా నడిచిపోయేవాళ్ళది.

మీవారికి షుగర్ ఉంది కాబట్టి ఇది గుర్తు పెట్టుకోండి. రైల్లో, స్టేషన్‌లో గేటు దాటాక, ఏమీ తినకూడదు, తాగకూడదు. మంచినీళ్ళు కూడా. జరిమానా 500 సింగపూర్ డాలర్ల దాకా ఉంటుంది. బిస్కట్టేదో బయట తినేసే ఎక్కించండి. రైల్లో ఏసీ గజగజలాడిస్తుంది, ఒక శాలువా పెట్టుకోండి. గొడుగు అయితే రోజూ సంచిలో ఉండాల్సిందే.

మొదటి ప్రయాణం ఎక్కడికంటే, ఫారర్ పార్క్ స్టేషన్‌కి. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం గుళ్ళు మూసేస్తారు. సెరంగూన్ రోడ్డు మీద శ్రీ శ్రీనివాస పెరుమాళ్ కోవెల ఉంది, 1855 నాటిది. స్వామి దర్శనం చేసుకుని అదే రోడ్డున తిన్నగా నడిస్తే వీరమాకాళి అమ్మవారి గుడి, ఇంకాస్త ముందుకెళ్తే టెక్కా మార్కెట్ వస్తాయి. కరివేపాకు, ములక్కాడలు, అరటిపువ్వు కళ్ళబడగానే మీకు ధైర్యం వచ్చేస్తుంది. తమిళం అక్కడ అధికార భాషల్లో ఒకటి, మీరు తెలుగులో అడిగినా సగం పని అయిపోతుంది. మధ్యలోనే కోమల విలాస్ హోటల్ ఉంది, 1947 నుంచీ నడుస్తోంది, శాకాహారం. అక్కడ తిని, లిటిల్ ఇండియా స్టేషన్‌లో రైలెక్కి ఇంటికొచ్చేయండి. సాయంత్రం పిల్లలొచ్చేసరికి టెక్కాలో కొన్న గోంగూరతో పప్పు చేసి పెట్టండి. మీవాడి మొహం చూడాలి అప్పుడు!

ఇంటి దగ్గర టీ సంగతి. ప్రతి పేటలోనూ హాకర్ సెంటర్ ఉంటుంది. ఒకే కప్పు కింద చిన్న చిన్న తిండి అంగళ్ళు. అక్కడ టీని ‘తే’ అంటారు. ఊరికే ‘తే’ అంటే గ్లాసు అడుగున చిక్కటి తీపి పాలు పోసి ఇస్తారు, మీవారికి విషమే. ‘తే సీ కొసొంగ్’ అనండి. పాలుంటాయి, పంచదార ఉండదు. అల్లం టీ కావాలంటే ‘తే హలియా’, అదీ తియ్యగానే ఉంటుంది, కొసొంగ్ అని కలపడం మర్చిపోకండి. వయసులో పెద్దవాళ్ళని అక్కడా ‘అంకుల్’, ‘ఆంటీ’ అనే పిలుస్తారు. మీరూ అలాగే పిలవండి, మొహంలో నవ్వు కనిపిస్తుంది. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఎవరో ముందే పట్టుకున్నారని అర్థం. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్ళి పెట్టాలి, అది నియమం. కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు, సీసా నింపుకుని వెళ్ళండి.

సామాను మాట. ఇంటి వాడకానికి కాస్త ఆవకాయ, కారప్పొడి పర్వాలేదు. మాంసం పచ్చళ్ళు వద్దు. గసగసాలు అస్సలు వద్దు! అవి నల్లమందు మొక్క గింజలు, వాటిలో మార్ఫిన్ అనే మత్తుమందు జాడలు ఉండొచ్చు కాబట్టి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. మనం మసాలా పొడి పట్టించేటప్పుడు గసగసాలు కలుపుతాం కదా, ఆ పొడి డబ్బా ఇంట్లోనే వదిలేయండి. ప్లగ్గులు అక్కడ మూడు పలక పిన్నులవి, ఒక అడాప్టర్ కొనుక్కోండి. బయల్దేరేముందు ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. ఆసుపత్రి ఖర్చు మన ఊహకి అందదు. ఇప్పటికే ఉన్న జబ్బులకి కూడా వర్తించేది కావాలని గట్టిగా అడగండి.

కాగితాల్లో ముఖ్యమైనవి రెండు. వీసా ముందే చేతిలో ఉండాలి. దిగడానికి మూడు రోజుల లోపు ‘ఎస్‌జీ అరైవల్ కార్డు’ ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. మా తమ్ముడు ఏదో నకిలీ సైట్‌లో దానికి వేల రూపాయలు కట్టాడు. అందుకే మీ అబ్బాయిచేతే, అక్కడి ఇమిగ్రేషన్ శాఖ సొంత సైట్‌లో నింపించండి. దిగాక ఎన్ని రోజులుండొచ్చో మెయిల్‌కి వస్తుంది. వీసా గడువు చూసి ఆ తేదీ దాకా ఉండొచ్చనుకోకండి, మెయిల్‌లో ఉన్న తేదీయే లెక్క.

* * *

ప్రశ్న: మా నాన్నగారిని సింగపూర్‌లో అక్క దగ్గరికి పంపిస్తున్నాం. ఆయనకి రోజూ రాత్రి నిద్రమాత్ర కావాలి, ఖైనీ అలవాటు కూడా ఉంది. రెండూ బ్యాగులో పెట్టి పంపొచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఖైనీ వద్దు తమ్ముడూ. నమిలే పొగాకు అక్కడ నిషేధం. ఖైనీ, గుట్కా, జర్దా ఏదైనా సరే. సిగరెట్లకి ఒక్క పెట్టెకి కూడా పన్ను మినహాయింపు లేదు. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళ ఎర్రదారిలో (రెడ్ ఛానెల్) చూపించి పన్ను కట్టాల్సిందే. ప్రయాణానికి ముందే నాన్నగారితో కూర్చుని మాట్లాడండి. విమానాశ్రయంలో పెద్దాయనని పక్కకి పిలిచి సంచి వెతికితే ఆయన మనసు ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించండి.

నిద్రమాత్ర సంగతి ఇంకా జాగ్రత్త. అల్ప్రజోలం, డయాజిపామ్, జోల్పిడెమ్ లాంటివి, కోడీన్ ఉన్న దగ్గు మందులు తీసుకెళ్ళాలంటే అక్కడి హెచ్‌ఎస్‌ఏ అనే ఆరోగ్య సంస్థ అనుమతి ముందుగా కావాలి. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయొచ్చు, మీ అక్కకి చెబితే చేసిపెడుతుంది. మన దగ్గర మందుల షాపులో స్ట్రిప్పు చింపి నాలుగు మాత్రలు చేతిలో పెడతారు, అలా పేరు లేని ముక్కలు అసలే పంపకండి. పూర్తి స్ట్రిప్పు, డాక్టరు రాసిన ఇంగ్లిష్ చీటీ, దాని మీద పాస్‌పోర్టులో ఉన్న పేరే ఉండాలి. చేతి సంచిలో పెట్టండి.

* * *

ప్రశ్న: పెళ్ళయి ఆరు నెలలైంది. నాలుగు రోజులకి సింగపూర్ వెళ్తున్నాం. ప్యాకేజీలో అన్నీ టిక్కెట్లే. ఉచితంగా చూసేవి ఏమైనా ఉన్నాయా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఉన్నాయి, అవే నాకు ఎక్కువ ఇష్టం. గార్డెన్స్ బై ద బేలో ఇనుప మహావృక్షాల కింద పాటతో కలిసి దీపాల ఆట ఉంటుంది, రాత్రి 7:45కి ఒకసారి, 8:45కి ఒకసారి. కింద పచ్చికలో వెల్లకిలా పడుకుని చూడండి, నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది. బొటానిక్ గార్డెన్స్‌కి 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆర్కిడ్ల తోటకి తప్ప టిక్కెట్టు లేదు. తెల్లవారగానే వెళ్ళండి. తిరుగు ప్రయాణం రోజు చాంగీ విమానాశ్రయానికి మూడు గంటలు ముందుగా చేరితే, అక్కడి జ్యువెల్ మాల్‌లో 40 మీటర్ల జలపాతం చూసి తీరిగ్గా విమానం ఎక్కొచ్చు.

మీ నాలుగు రోజుల్లో ఆదివారం ఉంటే ఆ సాయంత్రం లిటిల్ ఇండియాకి వెళ్ళండి. షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో పనిచేసేవాళ్ళకి ఎక్కువమందికి సెలవు ఆరోజే. ఇంటికి డబ్బు పంపి, స్నేహితుల్ని కలుసుకుని, పచ్చిక మీద గుంపులుగా కూర్చుంటారు. వాళ్ళలో మీ జిల్లావాళ్ళూ ఉంటారు. తెలుగు మాట వినబడితే ఆగి, ఏ ఊరని అడగండి. ఇంటికేమైనా చెప్పాలా, ఇవ్వాలా అని అడగండి. తెలియనివాళ్ళ మూటలు మాత్రం మీ సామానులో పెట్టుకోకండి. మాట మోసుకొస్తే చాలు.