మంచి పని చేసే కంపెనీకి 5 లక్షలు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మేం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగులం. నా ఫ్రెండ్ హిందూపురం వైపు మహిళా సంఘాలతో కొర్ర జంతికలు, రాగి లడ్డూలు చేయించి ఇక్కడి అపార్ట్‌మెంట్లలో అమ్ముతోంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. లాభంలో 20% ఆ మహిళల పిల్లల చదువులకు ఇస్తుందట. నన్ను 12% వడ్డీకి 5 లక్షలు అడిగింది. పుణ్యం, రాబడి రెండూ వస్తాయి కదా, ఇవ్వమంటారా?

జవాబు: అప్పుగా మాత్రం వద్దండి. వాటాదారులు కాని స్నేహితుల దగ్గర ప్రైవేట్ కంపెనీ ఇలా వడ్డీకి డబ్బు తీసుకోవడానికి 2013 కంపెనీల చట్టం ఒప్పుకోదు. రేపు తేడా వస్తే ముందు ఇరుక్కునేది మీ ఫ్రెండే. పెట్టాలనుకుంటే వాటాగా పెట్టండి. షేర్ల కోసం కంపెనీ ఇచ్చే ఆఫర్ లెటర్ తీసుకుని బ్యాంకు ద్వారానే కట్టండి. 60 రోజుల్లోగా షేర్లు కేటాయించాలి. అవసరానికి అమ్ముకుందామంటే కొనేవాళ్లు దొరకడం కష్టం, అది తెలిసే దిగండి.

ఇంకో లెక్క చూడండి. 5 లక్షలకు 12% అంటే నెలకు 5,000. అది ఖర్చు కింద మీకు వెళ్లిపోయాకే లాభం తేలుతుంది. అంటే మీ వడ్డీ తర్వాతే ఆ పిల్లల ఫీజులు. పైగా చిన్న తిండి వ్యాపారంలో మొదటి ఏళ్లలో లాభం మిగలడమే గగనం.

అందుకే నేను 20% మాట పక్కనపెట్టి, ఆ మహిళలకు కిలోకు ఎంత ఇస్తున్నారు, ఎన్నాళ్లకు ఇస్తున్నారు అని చూస్తాను. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి, మొహమాటపడొద్దు. అమ్మకాల డబ్బు వచ్చిన తేదీ, సంఘం ఖాతాకు వెళ్లిన తేదీ పక్కపక్కన రాసుకోండి. ఆఫీసు అద్దె ఒకటో తారీఖునే కట్టి, సంఘానికి మాత్రం రెండు నెలలు ఆపుతుంటే, ఆ కంపెనీని నడిపిస్తున్నది వాళ్ల కష్టార్జితమే.

డాక్టర్ వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ. స్తోమత ఉన్నవాళ్లు కట్టే ఫీజులతోనే లేనివాళ్లకూ ఆపరేషన్లు జరుగుతాయి. 1992లో ఆరోల్యాబ్ పెట్టి కంట్లో అమర్చే లెన్సులు సొంతంగా తయారుచేసుకోవడంతో ఖర్చు బాగా తగ్గింది. ఏడాది చివర మిగిలితే చూద్దాం అనే బేరం కాదది. మరోవైపు, చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కూడా పేద మహిళల మేలు కోసమంటూనే వచ్చింది. వసూళ్ల ఒత్తిడి ఎంత ముదిరిందంటే, 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దానికి కళ్లెం వేస్తూ ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

ఇక మీ సంగతి. ఈఎంఐలతో సహా ఆరు నెలల ఖర్చు చేతిలో లేకపోతే ఇప్పుడు ఏమీ పెట్టకండి. ఉంటే, స్టేట్‌మెంట్ చూశాక ఒక లక్ష వరకు వాటాగా పెట్టండి, అదీ పోయినా ఇబ్బంది లేదనుకుంటేనే. పిల్లల చదువుకు సాయం చేయాలని మనసులో ఉంటే, ఆ సంఘం వాళ్లనే అడిగి ఒకరిద్దరి ఫీజు నేరుగా స్కూల్లో కట్టేయండి. దానికి కంపెనీకి లాభం వచ్చేదాకా ఆగక్కర్లేదు.