ఆయిల్ కలిసిన నీళ్లు మళ్లీ బావిలోకి తోస్తే రాయి మూసుకుపోద్దా?

తమ్ముడూ, నీ ప్రశ్న ఇదే కదా, ప్రొడ్యూస్డ్ వాటర్‌లో (ఆయిల్‌తో పాటు బావిలోంచి వచ్చే నీళ్లలో) ఆయిల్ 30 పీపీఎం (పది లక్షల వంతుల్లో 30) లోపే ఉంది, రిపోర్టు బాగుంది, అయినా ఇంజెక్షన్ వెల్ (ఆ నీళ్లని మళ్లీ నేలలోకి తోసే బావి) నెలనెలా తక్కువ తాగుతోంది, రిజర్వాయర్ (నేల లోపల ఆయిల్ ఉండే రాతి పొర) మొత్తం పోయినట్టేనా అని. మొత్తం పోదు. సాధారణంగా బావి చుట్టూ కొంత మేరే పాడవుద్ది, కానీ ఆ కొంచెమే కొంప ముంచుద్ది.

లెక్క చూడు. బావి రేడియస్ 10 సెంటీమీటర్లు, నీళ్లు 200 మీటర్ల దాకా పోతున్నాయనుకో. బావి దగ్గరే దారి ఇరుకు కాబట్టి మొదటి మీటరు లోపే సుమారు 30 శాతం ప్రెషర్ ఖర్చయిపోద్ది. అక్కడ పర్మియబిలిటీ (రాయి నీళ్లని పోనిచ్చే గుణం) పదో వంతుకి పడిపోయిందంటే, అదే ప్రెషర్‌కి ఇంతకుముందు పోయే నీళ్లలో ఇంచుమించు పావు వంతే పోతాయి, మిగతా 199 మీటర్లు ఎంత శుభ్రంగా ఉన్నా సరే.

నాది బరంపురం, గుజరాత్ ఆయిల్ ఫీల్డుల్లో పదకొండేళ్లు చేసి వచ్చాను. సెలవుల్లో ఒకసారి మా మేనల్లుడికి చూపిద్దామని గిరి రోడ్డులో పీవీసీ పైపు ముక్క కొని ఇచ్ఛాపురం దగ్గర బాహుదా ఇసుక తెచ్చి నింపాను, వేరుశనగ నూనె బాగా చిలికిన నీళ్లు పోస్తే ధార సన్నబడింది గానీ ఆగలేదు, అదే నీళ్లలో తుప్పు పొడి కలిపి పోసేసరికి కాసేపటికి చుక్కలే, మా అక్క వచ్చి నూనె పాడుచేశానని తిట్టింది అది వేరే సంగతి. రాయి సందులు ఇసుక కంటే చాలా సన్నం, కానీ జరిగేది దాదాపు అదే. నూనె చుక్క మెత్తనిది, ప్రెషర్ పెరిగితే సాగి దూరిపోద్ది, దూరలేనిది సందుల్లో ఉండిపోయి నీళ్ల దారి తగ్గిస్తాది, ఒక దశకి వచ్చాక ఆ తగ్గడం నిలకడవుద్ది. మట్టి, తుప్పు, ఐరన్ సల్ఫైడ్ తోడైతే మాత్రం నూనె జిగురులా పట్టేసి గోడ కడతాది.

మా ఫీల్డులో ఒక బావి ఇలాగే మొండికేస్తే నేరుగా యాసిడ్ కొట్టారు. వారం బాగుంది, మళ్లీ మామూలే. నూనె పూత మీద యాసిడ్ పనిచేయదు కదా. తర్వాత ముందు జైలీన్ (నూనె జిగురుని కరిగించే ద్రావకం) పోసి నానబెట్టి, ఆ తర్వాత యాసిడ్ ఇచ్చి, వెంటనే వెనక్కి పారిస్తే నల్లటి జిగురు బయటికొచ్చింది. ఐరన్ సల్ఫైడ్ మీద యాసిడ్ పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ వస్తాది, ప్రాణాలు తీసే గ్యాస్ అది, డిటెక్టర్ లేకుండా ఎవర్నీ దగ్గరికి పంపకు. ప్రెషర్ పెంచితే ఒక్కసారిగా బాగా తాగిందని సంబరపడకు కూడా, రాయి పగిలి నీళ్లు ఎటో పోతుండొచ్చు.

అసలు తప్పు ఎక్కడ దొరికిందంటే, మేం నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్ అవుట్‌లెట్ దగ్గర శాంపిల్ తీసేవాళ్లం. అక్కడ నీళ్లు బాగానే ఉండేవి, బావి దాకా ఉన్న పాత లైన్లో తుప్పంతా కలిసిపోయేది. మీరు ఎక్కడ తీస్తున్నారు, వెల్‌హెడ్ (బావి పైభాగం) దగ్గరేనా?