ఆసుపత్రుల్లో ల్యాబులు ఉండగా ప్రజారోగ్య ప్రయోగశాలలు వేరుగా ఎందుకు?

ఆసుపత్రుల్లో ల్యాబులు ఉన్నప్పుడు ప్రభుత్వాలు ప్రజారోగ్య ప్రయోగశాలలను విడిగా ఎందుకు నడుపుతాయని, అవి ఎలా మొదలయ్యాయని, ఇంట్లో వాడే నీటిని అక్కడ పరీక్ష చేయించుకోవచ్చా అని అడిగారు. అలాంటి ఒక ప్రయోగశాలలో నీటి పరీక్షల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను కనుక ఆ అనుభవంతో చెబుతున్నాను.

ఆసుపత్రి ల్యాబుకు వచ్చే ప్రతి నమూనా వెనుక ఒక రోగి ఉంటాడు. అతనికి ఏ మందు ఇవ్వాలో తేలితే దాని పని పూర్తయినట్లే. మా దగ్గరికి వచ్చే నమూనాల్లో చాలావాటి వెనుక రోగి అనేవాడే ఉండడు, ఒక కుళాయో, బావో, హోటల్ వంటగదో ఉంటుంది. రోగి నమూనా వచ్చినా మేము చూసేది, అదే సూక్ష్మజీవి ఈ మధ్య ఇంకెవరిలో, ఎక్కడ కనిపించిందని.

జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ 1882లో క్షయ కారక బాక్టీరియాను కనిపెట్టి, ఆ తర్వాత ఈజిప్టులోనూ కలకత్తాలోనూ కలరా బాక్టీరియాను గుర్తించడంతో బాక్టీరియాను అధ్యయనం చేసే శాస్త్రానికి, అంటే బాక్టీరియాలజీకి, పునాది పడింది. 1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో కలరా 8,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఎల్బే నది నీటిని వడపోయకుండా వాడిన ఆ నగరాన్ని ఆనుకునే ఉండి, అదే నది నీటిని ఇసుక వడపోతతో శుద్ధి చేసుకున్న ఆల్టోనా మాత్రం చాలావరకు తప్పించుకుంది. ఆ కలరా ఓడలెక్కి తమ రేవుకూ వస్తుందన్న భయంతో న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ అదే ఏడాది హెర్మన్ బిగ్స్ ఆధ్వర్యంలో బాక్టీరియాలజీ విభాగాన్ని ఏర్పాటు చేసింది. కలరా విరుచుకుపడలేదు కానీ విభాగం నిలిచింది. మరుసటి ఏడాది విలియం పార్క్ అక్కడ డిఫ్తీరియా (కంఠసర్పి) నిర్ధారణకు చేసిన ఏర్పాటు నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. దూది చుట్టిన పుల్ల, బాక్టీరియాను పెంచే కల్చర్ ట్యూబు ఉన్న చిన్న పెట్టెలను మందుల దుకాణాల్లో ఉంచేవారు. వైద్యుడు బిడ్డ గొంతు నుంచి నమూనా తీసి పెట్టెను తిరిగి దుకాణంలో ఇస్తే, సిబ్బంది దాన్ని సేకరించి రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచి, మర్నాడు ఫలితం తెలిపేవారు. నా దృష్టిలో ప్రజారోగ్య ప్రయోగశాల నిజంగా పుట్టింది అక్కడే, ఎందుకంటే అప్పటిదాకా పరిశోధకుల బల్ల మీద ఉన్న విద్య నగరంలోని ఏ వైద్యుడికైనా అందుబాటులోకి వచ్చింది.

ఇప్పుడు ఈ ప్రయోగశాలల పరిధి పెద్దది. నవజాత శిశువు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలను కాగితంపై ఆరబెట్టి పుట్టుకతో వచ్చే లోపాలను పట్టుకోవడం, సంబంధం లేదనుకున్న కేసుల్లోని సాల్మొనెల్లా (ఆహారం ద్వారా సోకే బాక్టీరియా) జన్యుక్రమాలను పోల్చి అన్నింటికీ మూలం ఒకే ఆహారమా అని తేల్చడం అందులో కొన్ని.

నా పని నీటితోనే గడిచింది. బాక్టీరియా పెరిగేందుకు వాడే ఊదారంగు పోషక ద్రవం, మెకాంకీ బ్రాత్, ఉన్న గొట్టాల్లో నీటిని వేసి 37 డిగ్రీల వద్ద ఉంచుతాము. కోలిఫాం బాక్టీరియా (మలంలోనే కాక మట్టిలోనూ ఉండే రకం) ఉంటే రంగు పసుపుగా మారుతుంది, లోపల బోర్లించిన చిన్న డర్హమ్ గొట్టంలో గాలి బుడగ చేరుతుంది. అయితే అంతమాత్రాన మలకాలుష్యం ఉందని రాయకూడదు. 44 డిగ్రీల వద్ద మళ్లీ పెంచి అది మలం నుంచి వచ్చే ఈ.కోలై అవునో కాదో నిర్ధారించాలి. నివేదిక ఆలస్యమైందని విసుక్కునేవారికి ఈ రెండో దశ సంగతి సాధారణంగా తెలియదు.

పరీక్ష కన్నా నమూనా సేకరణలోనే ఎక్కువ చెడుతుంది. ఒకసారి విరేచనాలు ప్రబలిన ప్రాంతం నుంచి వచ్చిన నీటి నమూనాలన్నీ శుభ్రంగా ఉన్నాయని తేలడంతో అనుమానం వచ్చి, తెచ్చిన వ్యక్తిని అడిగాను. మేమిచ్చిన సీసాలను శుభ్రత కోసమని ముందుగా ఆ కుళాయి నీటితోనే కడిగానని చెప్పాడు. ఆ సీసాల్లో సోడియం థయోసల్ఫేట్ కొద్దిగా వేసి ఉంచుతాము, అది నీటిలోని క్లోరిన్ ప్రభావాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. అది కొట్టుకుపోతే క్లోరిన్ దారి పొడవునా బాక్టీరియాను చంపుతూనే ఉంటుంది, కాబట్టి ఆ ఫలితాలను నమ్మలేము. నమూనాలు మళ్లీ తెప్పించాము.

ఇక మీ చివరి ప్రశ్న. చాలా చోట్ల రుసుము తీసుకుని ఇంటి నీటిని పరీక్షిస్తారు, ముందుగా అక్కడే అడిగి తెలుసుకోండి. సీసా కూడా వారి దగ్గరే తీసుకోండి, దాన్ని కడగకండి. కుళాయి తిప్పి నీటిని కాసేపు పారనిచ్చాక సీసాలో పట్టి, పైన కొంత ఖాళీ ఉంచి, మూత లోపలి వైపు వేలు తగలకుండా బిగించి, చల్లగా ఉంచి అదే రోజు చేర్చండి.