ప్రింటర్ ఇంకు ఖర్చు: బయటి కంపెనీ కార్ట్రిడ్జ్ కొనవచ్చా?

ప్రశ్న: ఇంట్లో ఎనిమిది మంది పిల్లలకు ట్యూషన్ చెబుతాను. వాళ్ల నోట్సు, మా పిల్లల వర్క్‌షీట్లు కలిపి నెలకు 200 పేజీల దాకా ప్రింట్ తీస్తాను. రెండేళ్ల కిందట 5 వేల రూపాయలకు ఇంక్‌జెట్ ప్రింటర్ కొన్నాం. ఒరిజినల్ నల్ల కార్ట్రిడ్జ్ 950 రూపాయలు. పెట్టె మీద 480 పేజీలని ఉంటుంది కానీ 380కి మించి రావడం లేదు. కంప్యూటర్ దుకాణంలో అదే నంబరు కంపాటిబుల్ (బయటి కంపెనీ తయారీ) కార్ట్రిడ్జ్ 450కి ఇస్తామంటున్నారు. మెషీన్ పాడవుతుందని మావారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ ప్రింటర్ కింద చెప్పే రకానిదైతే కంపాటిబుల్ కొనవచ్చునమ్మా. కానీ ముందు ఒక్కటి కొని చూడండి. ధర తక్కువ కదా అని ఒకేసారి నాలుగు తెచ్చి పెట్టుకోవద్దు.

మీవారి భయం అర్థం లేనిదేమీ కాదు. కొన్ని ప్రింటర్లకు అది సరిగ్గా వర్తిస్తుంది. కాగితం మీద ఇంకు చల్లే భాగాన్ని ప్రింట్ హెడ్ అంటారు. తక్కువ ధర ఇంక్‌జెట్లలో చాలావాటికి అది కార్ట్రిడ్జ్‌లోనే ఉంటుంది. కార్ట్రిడ్జ్ బయటకు తీసి చూడండి. అడుగున సన్నని రాగి రంగు పట్టీ కనిపిస్తే మీదీ ఆ రకమే. అప్పుడు నాసిరకం ఇంకు గడ్డకట్టినా పోయేది ఆ కార్ట్రిడ్జే. ఇంకు కారితే మాత్రం వెంటనే తీసి లోపల తుడవాలి. హెడ్ మెషీన్‌లోనే బిగించి ఉండే రకమైతే అది మూసుకుపోయినప్పుడు మరమ్మతుకు వేలల్లో అడుగుతారు. అలాంటివారికి నేను ఈ సలహా ఇవ్వను.

ఇక లెక్క. పెట్టె మీది పేజీల సంఖ్య ప్రామాణిక పరీక్ష పేజీలతో, ఆపకుండా ముద్రించి తేల్చేది. ఇంట్లో మనం వారానికోసారి ప్రింటర్ ఆన్ చేస్తాం. ఆన్ చేసినప్పుడల్లా అది నోజిళ్లు (ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు) శుభ్రం చేసుకోవడానికి కొంత ఇంకు తాగేస్తుంది. అందుకే మీకు 380 వచ్చాయి. అంటే పేజీకి 2.50 రూపాయలు, ఏడాదికి 2,400 పేజీలకు 6,000. కంపాటిబుల్ 300 పేజీలు ఇస్తే పేజీ 1.50 పడుతుంది, ఏడాదికి 2,400 మిగులుతాయి. నాలుగింటిలో ఒకటి పనికిరాకుండా పోయిందనుకున్నా పేజీ 2 రూపాయలే, 1,200 మిగులు. 180 పేజీలకే అయిపోతే మాత్రం ఒరిజినల్‌తో సమానం. కాబట్టి మొదటి కార్ట్రిడ్జ్ ఎన్ని పేజీలు ఇచ్చిందో తప్పకుండా రాసిపెట్టుకోండి. 180 దాటకపోతే ఆ దుకాణానికి మళ్లీ వెళ్లనక్కర్లేదు.

కొనేటప్పుడు మూడు రకాలను కలిపేసుకోవద్దు. సొంత పేరుతో, ఫలానా మోడల్‌కు సరిపోతుందని రాసి అమ్మేది కంపాటిబుల్. ఖాళీ అయిన ఒరిజినల్‌లో మళ్లీ ఇంకు నింపింది రీఫిల్. ఈ రెండూ న్యాయమైన వ్యాపారమే. మూడోది నకిలీ: అసలు కంపెనీ పెట్టెను అచ్చంగా అనుకరించి, ఒరిజినలని చెప్పి కాస్త తగ్గించి అంటగట్టేది. నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే. ఒరిజినల్‌కు దగ్గర ధర పెట్టి నాసిరకం ఇంకు తెచ్చుకుంటారు. బిల్లు ఇచ్చి, పని చేయకపోతే మారుస్తామని దాని మీద రాసిచ్చే చోటే కొనండి.

మరో చిక్కు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ప్రింటర్లు కొన్ని బయటి కార్ట్రిడ్జ్‌లను ఉన్నట్టుండి తిరస్కరించాయి. గొడవ పెద్దదై కంపెనీ క్షమాపణ చెప్పి, ఆ నిరోధం లేని సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేయాల్సి వచ్చింది. ఇలాంటి విషయాలను కొనుగోలుదారులకు సరిగ్గా చెప్పలేదని 2020 డిసెంబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ హెచ్‌పీకి కోటి యూరోల జరిమానా వేసింది. డబ్బిచ్చి కొన్న మెషీన్‌లో ఏ ఇంకు వాడాలో నిర్ణయించే హక్కు కొన్నవారిదేనని నేను గట్టిగా నమ్ముతాను. మీ ప్రింటర్ ఏ కంపెనీదైనా, సెట్టింగుల్లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఉంటే ఆపేసి, ఆ తరువాత కొత్త కార్ట్రిడ్జ్ పెట్టండి.

సర్టిఫికెట్ల నకళ్లు, ఏళ్ల తరబడి దాచే కాగితాలు మాత్రం జిరాక్స్ సెంటర్‌లో లేజర్ ప్రింట్ తీయించండి. బయటి నల్ల ఇంకుల్లో కొన్ని తడి తగిలితే చెదిరిపోతాయి.

ఇప్పుడు అసలు మాట. నెలకు 200 పేజీలు తీసే ఇంటికి కార్ట్రిడ్జ్ ప్రింటరే సరైన ఎంపిక కాదు. కార్ట్రిడ్జ్ బదులు సీసాతో ఇంకు పోసే ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో ఒక నల్ల సీసాతో 4,000 పేజీలకు పైగా వస్తాయి. సీసా 500 రూపాయలనుకున్నా పేజీకి పన్నెండు పైసలు. అలాగని నడుస్తున్న మెషీన్‌ను పారేసి 12 వేలు పెట్టమనను. కంపాటిబుల్‌తో పోలిస్తే ఆ డబ్బు తిరిగి రావడానికి నాలుగేళ్ల దాకా పడుతుంది. ఇది మూలపడేదాకా వాడండి, నెలనెలా మిగిలే 200 రూపాయలు పక్కన వేయండి. ట్యాంక్ ప్రింటర్ కొన్నాక మాత్రం దాని కంపెనీ ఇంకే పోయండి. అక్కడ బయటి ఇంకు వల్ల ఏడాదికి మిగిలేది వందో నూటయాభయ్యో, పణంగా పెట్టేది మెషీన్‌లోని హెడ్‌ను.

చివరిగా, ఆ 200 పేజీల్లో ట్యూషన్‌వి ఎన్నో మీరు రాయలేదు. 120 అనుకుందాం. కంపాటిబుల్ వాడినా ఇంకు, కాగితం కలిపి పేజీకి 2 రూపాయలు, నెలకు 240. అది ఇంటి ఖర్చు కాదు, మీ వృత్తి ఖర్చు. ఎనిమిది మంది మీద తలా 30 రూపాయలు నోట్సు కింద తీసుకోవడానికి మొహమాటపడవద్దు.