భారగ్రాహ్యమా, భారగ్రాహియా?

సందేహం: ట్రాక్టరుకూ దాని వెనక తగిలించే పనిముట్టుకూ కలిపే లోడ్ సెన్సింగ్ హైడ్రాలిక్స్ మీద తెలుగులో కరదీపిక రాస్తున్నాం. లోడ్ సెన్సింగ్ సర్క్యూట్‌కు ‘భారగ్రాహ్య వలయం’ అని పెట్టాం. సరైనదేనా? అందులోనే ‘ప్రెషర్ లైన్ ముందు రిటర్న్ లైన్ తగిలించాలి’ అనే వాక్యం ఉంది (ప్రెషర్ లైన్ అంటే పనిముట్టుకు నూనె వెళ్లే గొట్టం, రిటర్న్ లైన్ అంటే నూనె తిరిగొచ్చే గొట్టం). చదివినవాళ్లు తలా ఒక రకంగా అర్థం చేసుకుంటున్నారు. ఎలా దిద్దాలి?

సమాధానం: గ్రాహ్యం అంటే గ్రహించదగినది. గ్రహించేది గ్రాహి, గుణాన్ని గ్రహించేవాడు గుణగ్రాహి. కాబట్టి సమాసం ‘భారగ్రాహి వలయం’ కావాలి. వలయం బాగానే ఉంది, విద్యుత్తు పాఠాల్లో అలవాటైన మాటే.

అయితే నా అభ్యంతరం ‘గ్రాహ్య’ కన్నా ‘భార’ మీదే ఎక్కువ. భారం అనగానే మనకు బరువు తోస్తుంది. ఇక్కడ పంపుకు తెలియాల్సింది పనిముట్టు బరువు కాదు. మోటారుకో సిలిండరుకో పనిలో ఎదురయ్యే నిరోధం వల్ల నూనెలో పుట్టే పీడనం. దాన్నే సన్నటి ఎల్.ఎస్. (లోడ్ సెన్సింగ్) గొట్టం పంపు దాకా చేరవేస్తుంది. పంపు ఆ పీడనం కన్నా సుమారు 20–30 బార్లు (బార్ పీడనానికి కొలత) మాత్రం ఎక్కువ ఉంచుకొని, కావలసినంత నూనే పంపుతుంది. ఎంతో బరువున్న నాగలి నేల మీద ఊరికే ఆని ఉంటే ఈ గొట్టంలో పీడనం ఉండదు. చిన్న ఫ్యాను మోటారు జోరుగా తిరుగుతుంటే ఉంటుంది. భారగ్రాహి అని రాస్తే పాఠకుడు దీన్ని సరిగ్గా తలకిందులుగా ఊహిస్తాడు.

అందుకే పేరు ‘ఎల్.ఎస్. గొట్టం’ అనే ఉంచండి. వాల్వు దిమ్మ మీద ఉండేవి పి (ప్రెషర్), టి (ట్యాంకు, అంటే రిటర్న్), ఎల్.ఎస్. అక్షరాలే, చేతిలో కప్లరు (గొట్టాలను తగిలించే కొస) పట్టుకున్నవాడు వెతికేదీ వాటినే. మొదటిసారి వచ్చినచోట ‘పని పీడనాన్ని పంపుకు తెలిపే గొట్టం’ అని ఒక్క వివరణ చాలు.

ఇక ‘ముందు’. ఈ మాట చోటునూ చెబుతుంది, కాలాన్నీ చెబుతుంది. ‘ఇంటి ముందు’ అన్నట్టే ‘లైన్ ముందు’ అంటే ఎదుట అని కూడా అవుతుంది. ‘కంటే’ చేరిస్తే కాలమని తేలిపోతుంది, కానీ సూచనల్లో వరస విప్పి చెప్పడమే మేలు: “ఇంజను ఆపి, కప్లర్లు తుడవండి. మొదట రిటర్న్, తర్వాత ప్రెషర్, చివర ఎల్.ఎస్. తగిలించండి. విప్పేటప్పుడు మొదట ఎల్.ఎస్., తర్వాత ప్రెషర్, చివర రిటర్న్.” రిటర్న్ తగలకుండా ఇంజను నడిస్తే లోపలికి వెళ్లిన నూనెకు తిరిగొచ్చే దారి ఉండదు. తక్కువ పీడనానికి చేసిన భాగాల్లో సీళ్లు చిట్లుతాయి. ఈ వాక్యంలో సందిగ్ధత ఉండకూడదు.

లోపాల పట్టికలో ‘ఎల్.ఎస్. పనిచేయకపోతే’ అని రాయకండి. అందులో రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోతాయి. కప్లరు సరిగా కూర్చోకపోయినా, చెత్త అడ్డుపడినా పీడనం పంపుకు ‘అందదు’: పనిముట్టు కదలదు, లేదా నత్తనడక నడుస్తుంది. వాల్వు తటస్థ స్థితికి వచ్చాక గొట్టంలోని పీడనం ట్యాంకుకు దిగిపోకపోతే సంకేతం ‘వదలదు’: పని లేకపోయినా పంపు ఎక్కువ పీడనంలోనే ఉండిపోయి నూనె వేడెక్కుతుంది. అందకపోవడం ఒక వరసలో, వదలకపోవడం మరో వరసలో పెట్టండి.