కన్నుమూసినవారెవరు, హతమైనవారెవరు?

సందేహం: మా ఇంటికొచ్చే పేపర్లో ఒకే పేజీలో మూడు వార్తలు చూశాను. ‘మాజీ మంత్రి కన్నుమూత’, ‘ట్రాక్టర్ బోల్తా పడి మహిళా కూలీ మృతి చెందింది’, ‘ఎదురుకాల్పుల్లో నలుగురు హతం’. ‘మృతి చెందింది’ అనడం వ్యాకరణరీత్యా తప్పని, ‘చెందారు’ అనాలని మా అబ్బాయి అంటాడు. తప్పేమీ లేదని నేనంటాను. ఎవరి మాట సరి? మూడు చావులకు మూడు మాటలు వాడటానికి భాషాపరంగా కారణం ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: వ్యాకరణం వరకూ మీ మాటే సరి. తెలుగులో స్త్రీకి ఏకవచనంలో ప్రత్యేకమైన క్రియారూపం లేదు. మగవాడైతే ‘వచ్చాడు’. ఆడమనిషైనా, ఆవైనా, బస్సైనా ‘వచ్చింది’. మహత్తు, అమహత్తు అని మన వ్యాకర్తలు చేసిన విభజన ఇదే. పక్కనున్న తమిళులకు ‘వందాళ్’ ఉంది, కన్నడిగులకు ‘బందళు’ ఉంది. మనకు అలాంటిది లేదు. బహువచనానికి వచ్చేసరికి మాత్రం ఆడవాళ్లు మనుషుల్లో కలుస్తారు. ఆవులు ‘వచ్చాయి’, ఆడవాళ్లు ‘వచ్చారు’. కనక అదే ట్రాక్టర్ కింద పడి ఇద్దరు ఆడకూలీలు పోతే ‘మృతి చెందారు’ అవుతుంది, ఒక్కరే పోతే ‘మృతి చెందింది’ అవుతుంది.

అయినా మీ అబ్బాయి ఊరికే అభ్యంతరం చెప్పలేదు. ఆ కూలీ స్థానంలో మహిళా మంత్రి ఉంటే విలేకరి ఏం రాసేవారు? ‘మృతి చెందారు’ అనే రాసేవారు. ఒక్క మనిషికే గౌరవంతో బహువచనం వాడటం మన భాషలో తరతరాలుగా ఉన్నదే. మంత్రికి దొరికిన ఆ ‘రు’ కూలీకి దొరక్కపోవడానికి వ్యాకరణంలో ఏ అడ్డూ లేదు. ఎవరికి మన్నన కావాలో ఎవరికి అక్కర్లేదో రాసేవారి మనసులో ముందే ఖాయమైపోయింది. పక్షపాతం అనగానే పార్టీల గొడవే గుర్తొస్తుంది మనకు. ఈ క్రియ చివర ఉన్న ఒక్క అక్షరాన్ని ఎవరూ పట్టించుకోరు.

మగవాళ్ల విషయంలోనూ ఇదే జరుగుతోంది. ధాన్యం కొనుగోలు కేంద్రాల వార్తలు చదివి చూడండి. తరుగు పేరిట బస్తాకు ఎన్ని కిలోలు కోస్తున్నారో, లారీ ఎన్నాళ్లుగా రాలేదో లెక్కతో సహా చెప్పిన రైతు ‘వాపోయాడు’. అలాంటిదేమీ లేదని ఒక్క ముక్కలో తేల్చేసిన అధికారి ‘స్పష్టం చేశారు’. వాపోవడమంటే ఏడవడం. ఆ రైతు ఏడవలేదు, లెక్క చెప్పాడు. అధికారి స్పష్టం చేసిందీ ఏమీ లేదు, కాదన్నారు అంతే. ఇద్దరికీ ‘చెప్పారు’ అని రాస్తే ఎవరి మాటలో పస ఉందో చదివేవాళ్లే తేల్చుకుంటారు.

ఇక మీ రెండో ప్రశ్న. ‘కన్నుమూత’లో నిద్రపోయినంత నెమ్మది ఉంది. ‘మృతి’ చావును చెబుతుంది, చంపినవాణ్ణి చూపించదు. చనిపోవడంలోని ‘చను’కు అర్థం వెళ్లడమే. ‘హతం’ వేరు. అది ‘హన్’ ధాతువు నుంచి వచ్చింది, హంతకుడు, హత్య కూడా అక్కడి నుంచి వచ్చినవే. హతం అన్నారంటే చంపినవాళ్లు ఉండి తీరాలి. శీర్షికలో వాళ్లు కనపడరు. పైగా ఆ మాట విన్నప్పుడు ఏదో కార్యం పూర్తయినట్టు ధ్వనిస్తుంది. ఏ పత్రికైనా బస్సు ప్రమాదంలో ప్రయాణికులు హతం అని రాయదు కదా!

‘ఎదురుకాల్పులు’ ఇంకా పెద్ద చిక్కు. ‘ఎదురు’ అన్నామంటే అవతలివాళ్లూ కాల్చారని ఒప్పుకున్నట్టే. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు (ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసు) నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆయుధాలు లాక్కుని తమపై కాల్చారని పోలీసులు చెప్పారు. చాలాచోట్ల ఆ మాట పోలీసుల వాదనగా రాలేదు, జరిగిన సంగతిగానే వచ్చింది. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో వెలుగు చూసింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగింది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని కమిషన్ తేల్చింది. వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. ఆ అమ్మాయికి జరిగిన ఘోరం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఆ కోపం ఎంత న్యాయమైనదైనా, చూడనిదాన్ని చూసినట్టు రాసే హక్కు మనకు రాదు. ‘నిందితుడు’ అంటే నింద పడినవాడు. కోర్టు తేల్చాకే ‘దోషి’. రెంటినీ కలిపేసి ‘కిరాతకుడు’ అని రాసేవారు ఒక్కసారి ఆగితే బాగుంటుంది. కిరాతులు అడవిలో వేటాడి బతికిన జనం. ఎవడో చేసిన నేరానికి వాళ్ల పేరును తిట్టు చేశాం.

మా నాయనమ్మకు చదువు రాదు. బాపట్ల దగ్గర మా ఊళ్లో సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆమెకు పేపర్ చదివి వినిపించేవాణ్ణి. ‘ఎదురుకాల్పుల్లో ముగ్గురు హతం’ అని చదివితే, చేటలో బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపి ‘ఎవరు చూశార్రా?’ అనేది. పోలీసులు చెప్పారనేవాణ్ణి. కాసేపటికి పక్కింటావిడతో ఆ కబురు ఇలా చెప్పేది: ‘అడవిలో ముగ్గుర్ని కాల్చేశారంట. వాళ్లే ముందు కాల్చారని పోలీసులంటన్నారంట.’ కళ్లారా చూసినదానికి ‘వచ్చాడు’, విన్నదానికి ‘వచ్చాడట’. ఇంత చిన్న ప్రత్యయంతో ఈ తేడా చూపగలిగే భాష మనది. పత్రికలు ‘అట’ను మోటని వదిలేసి ‘సమాచారం’, ‘తెలుస్తోంది’ తెచ్చుకున్నాయి. ఎవరిచ్చిన సమాచారమో, ఎవరికి తెలుస్తోందో వాటిలో ఉండదు.

మీరు పంపిన మూడు శీర్షికలూ నేనైతే ఇలా రాస్తాను. ‘మాజీ మంత్రి మరణించారు’. ‘ట్రాక్టర్ బోల్తా పడి మహిళా కూలీ మరణించారు’. ‘పోలీసు కాల్పుల్లో నలుగురు మరణించారు’. మూడోదాని కింద చిన్న అక్షరాల్లో, ‘వాళ్లే ముందు కాల్చారు: పోలీసులు’.