రేసు కారు వింగ్, విమానం వింగ్ ఒకటేనా? స్పాయిలర్ అంటే ఏది?

మీరు చిత్తూరులో మెకానికల్ డిప్లొమా చదువుతున్నానని, ఈ పార్టుల పేర్లన్నీ కలగాపులగం అవుతున్నాయని రాశారు. నిర్వచనాలు బట్టీ పట్టకండి. ఆ పార్టు గాలిని ఏం చేస్తోంది, బండిని ఎటు నెడుతోంది, అంతే చూడండి. తిరుపతిలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు మా కాలేజీ రేసు కారు టీమ్‌లో ఉన్నాను. వైవా గట్టెక్కింది ఈ పద్ధతితోనే.

విమానం వింగ్ పైకి లేపుతుంది, ఆ బలమే లిఫ్ట్. రేసు కారుకు దాన్నే తిరగేసి బిగిస్తారు, అది కారును రోడ్డుకు అదిమిపెడుతుంది. దాన్నే డౌన్‌ఫోర్స్ అంటారు. కారు బరువు పెరగకుండానే మలుపులో టైర్లకు పట్టు పెరుగుతుంది. ఫార్ములా వన్‌లో ఈ వింగులు 1968లో మొదలయ్యాయి.

అందరూ తడబడేది స్పాయిలర్ దగ్గర. రేణిగుంటలో దిగే ఎయిర్‌బస్ ఏ320 ఎక్కితే రెక్కకు కాస్త వెనగ్గా కిటికీ సీటు తీసుకోండి. చక్రాలు నేలను తాకగానే రెక్క మీద పలకలు వరసగా పైకి లేస్తాయి. అవే స్పాయిలర్లు. గాలికి అడ్డంపడి వేగం తగ్గించడానికే అని చాలామంది అనుకుంటారు. అదీ ఉంది గానీ, లిఫ్టును చెడగొట్టి విమానం బరువును చక్రాల మీదకు దించడం అంతకంటే ముఖ్యం. బరువు పడితేనే బ్రేకులు పట్టేది.

కారు స్పాయిలర్ కూడా లిఫ్టును తగ్గించేదే. కాకపోతే బాడీకి అతుక్కుని ఉంటుంది, దాని కింద నుంచి గాలి పోదు. వింగుకైతే పైనా కిందా గాలి ఆడాలి. ఫొటో చూసి ఏది ఏదో చెప్పమంటే ఈ సందు కోసం వెతకండి. ఇక కార్ డెకార్స్ షాపుల్లో స్విఫ్ట్‌కు బిగించేది తిరుమల ఘాట్ రోడ్డు వేగానికి ఒట్టి షోకే!

విమానంలో ఫ్లాప్ అనే కదిలే పలక రెక్క వెనక అంచున ఉంటుంది. దిగే ముందు దాన్ని కిందికి దించితే తక్కువ వేగంలోనూ లిఫ్ట్ సరిపోతుంది. ఫార్ములా వన్ కారు వెనక వింగులో పై పలకనూ ఫ్లాప్ అనే అంటారు. 2011 నుంచి 2025 దాకా ఉన్న డీఆర్ఎస్ (డ్రాగ్ రిడక్షన్ సిస్టమ్) తెరిచింది దాన్నే, ట్రాక్ నేరుగా ఉన్నచోట డ్రాగ్ తగ్గించడానికి, అంటే గాలి వెనక్కి లాగే బలాన్ని. గర్నీ ఫ్లాప్ వేరే సంగతి. అది వింగ్ వెనక అంచున నిలువుగా బిగించే సన్నటి పట్టీ. 1971లో అమెరికన్ రేసర్ డాన్ గర్నీ రేసు కారు మీద వాడితే, తర్వాత హెలికాప్టర్ల దాకా వెళ్లింది.

పిటో ట్యూబ్‌తో మాత్రం బెంగ లేదు. విమానంలోనూ రేసు కారులోనూ అది గాలి వేగం కొలిచే గొట్టమే.